వంద గ్రాముల శాలువా, నలభై గంటల పని

ఇంట్లో సలాయిలు, ఊలు ఉంటే చాలదు. జాలీ శాలువా అల్లాలన్నా, అల్లి అమ్మాలన్నా ముందు హిసాబు తెలిసి ఉండాలి.

చలికాలం మొదలైందంటే కాశ్మీరీ వర్తకులు శాలువాల మూటలతో మన ఊళ్లకు వస్తారు. నిజామాబాద్, బోధన్ వైపు డిసెంబరు, జనవరి రాత్రులు బాగా చల్లబడతాయి. బరువైన రగ్గు కప్పుకుని బయట తిరగలేం. భుజాల మీద వేసుకుంటే బరువు తెలియకుండా వెచ్చగా ఉండే పల్చటి శాలువా కావాలి. దాన్ని ఇంట్లోనే రెండు సలాయిలతో అల్లుకోవచ్చు. అయితే అల్లాలనుకునేవాళ్లు ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. అమ్మకానికి అల్లాలనుకునేవాళ్లకు ఇవి ఇంకా ముఖ్యం.

నేసింది వేరు, అల్లింది వేరు

కాశ్మీరు పష్మీనా మగ్గం మీద నేసిన బట్ట. పడుగు, పేక రెండూ ఉంటాయి. మన కురుమలు చేసే గొంగడి కూడా నేతే. సలాయిలతో చేసే జాలీ శాలువాలో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం ఫందా నుంచి ఫందాకు మెలికలు తిరుగుతూ మొదటి నుంచి చివరిదాకా పోతుంది. అందుకే అది సాగుతుంది. ఎక్కడైనా తెగితే ఊడిపోతుంది కూడా.

టోపీలకు, దుపట్టా అంచులకు మన ఇళ్లలో వాడే క్రోషియా మూడో రకం. అందులో ఒకే కొక్కెం ఉంటుంది. ఒక ఫందా పూర్తయ్యాకే ఇంకోటి మొదలవుతుంది. సలాయి పనిలో వరుసలోని ఫందాలన్నీ ఒకేసారి సూది మీద ఉంటాయి. దానివల్ల బట్ట పల్చగా, మెత్తగా జారుతుంది. భుజాల మీద వేసుకునే శాలువాకు కావలసింది ఈ గుణమే.

ఈ పనికి ప్రపంచంలో రెండు చోట్లు బాగా పేరున్నవి. ఒకటి స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులు, రెండోది రష్యాలోని ఓరెన్‌బర్గ్. షెట్లాండ్‌లో సన్నటి గొర్రె ఊలుతో, ఓరెన్‌బర్గ్‌లో మేక నూగుతో అల్లుతారు. మంచి శాలువా అయితే పెళ్లి ఉంగరంలోంచి దూరిపోతుందని రెండు చోట్లా చెప్పుకుంటారు. ఉంగరంలోంచి దూరేదంటూ వినిపించే ఇంకో పేరు షాతూష్. అది అల్లిక కాదు, టిబెట్ జింక చిరూ నూగుతో నేసింది. ఆ నూగు కోసం జింకను చంపుతారు కాబట్టి మన దేశంలో షాతూష్ వ్యాపారం నేరం. ఎవరైనా తెచ్చి చూపిస్తే కొనవద్దు.

రంధ్రాలుంటే వెచ్చదనం ఎట్లా?

చాలామందికి వచ్చే అనుమానం ఇది. వెచ్చదనం ఇచ్చేది ఊలు ఒక్కటే కాదు, ఊలు పోగుల మధ్య కదలకుండా ఆగిన గాలి కూడా. జాలీ శాలువాను రెండు మడతలుగా వేసుకుంటే ఆ మడతల మధ్య గాలి నిలుస్తుంది. స్కూటర్ మీద ఎదురుగాలి కొట్టేటప్పుడు మాత్రం జాలీ ఒక్కటే ఆపలేదు. పైన ఇంకో బట్ట ఉండాలి. ఇంట్లో, పెళ్లిళ్లలో, తెల్లవారుజామున పని చేసుకునేటప్పుడు ఇది సరిపోతుంది.

దారం దగ్గరే సగం పని

మన దక్కనీ గొర్రెల ఊలు ముతకది. గొంగడికి అది బంగారం. వానకు, చలికి, ముళ్లకు తట్టుకుంటుంది. జాలీ పనికి మాత్రం పనికిరాదు. పోగు మందంగా ఉండి మెడకు గుచ్చుకుంటుంది, సన్నగా వడకడానికి కుదరదు. కాబట్టి ఈ శాలువాకు దారం కొనక తప్పదు.

దుకాణాల్లో ఊలు అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది అక్రిలిక్. అది ప్లాస్టిక్ జాతి దారం. చెడ్డదని కాదు, ధర తక్కువ, రంగులు ఎక్కువ. కానీ తడిపి ఆరబెడితే అసలు ఊలు లాగా కొత్త కొలతలో నిలవదు. తేడా తెలుసుకోవాలంటే చిన్న ముక్క పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. అసలు ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. మంట తీసేస్తే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మారుతుంది. ఈ పరీక్ష పిల్లలకు దూరంగా, పక్కన నీళ్లు పెట్టుకుని చేయాలి.

దారం లావు చూడడానికి లేబుల్ మీద రెండు అంకెలు చాలు, గ్రాములు, మీటర్లు. 50 గ్రాములకు సుమారు 400 మీటర్లు ఉంటే అది జాలీ శాలువాకు తగిన సన్నటి దారం. స్వెటర్లకు అమ్మే లావు దారంతో అల్లితే అది పల్చటి శాలువా కాదు, దుప్పటి అవుతుంది.

రెండే పనులు: జాలీ, జోడి

సలాయి పట్టినవాళ్లకు సీధా, ఉల్టా తెలుసు. జాలీ శాలువాకు వాటితోపాటు ఇంకో రెండు పనులు వస్తే చాలు. మొదటిది, దారాన్ని ముందుకు తెచ్చి సూది మీద ఊరికే ఒక చుట్టు వేయడం. అక్కడ రంధ్రం పడుతుంది, ఒక ఫందా పెరుగుతుంది. దీన్ని జాలీ అనుకుందాం. రెండోది, రెండు ఫందాలను కలిపి ఒకటిగా అల్లడం. అక్కడ ఒక ఫందా తగ్గుతుంది. దీన్ని జోడి అనుకుందాం.

నిలువుగా పోయే శాలువాకు సూత్రం ఒక్కటే. ఎన్ని జాలీలు వేస్తే అన్ని జోడీలు వేయాలి. అప్పుడు వెడల్పు మారదు. లెక్క తప్పితే శాలువా ఒక పక్క పెరుగుతుంది లేదా కుంచించుకుపోతుంది.

కొత్తవాళ్లకు సులువుగా వచ్చేది అలల డిజైను. 18 ఫందాలు ఒక అల. ఐదు అలలకు 90, రెండు అంచులకు నాలుగేసి చొప్పున 8, మొత్తం 98 ఫందాలు. 4 మిల్లీమీటర్ల సలాయి తీసుకోవాలి. మొదటి ఫందాలు మాత్రం ఒక నంబరు పెద్ద సూదితో వదులుగా ఎక్కించాలి. బిగుతుగా ఎక్కిస్తే అంచు సాగదు, మిగతాదంతా సాగుతుంది.

మొదట నాలుగు వరుసలు మొత్తం సీధా. ఆ తర్వాత ఈ నాలుగు వరుసలు మళ్లీ మళ్లీ:

ఒకటో వరుస: అంతా సీధా.

రెండో వరుస: అంచుల్లో నాలుగేసి సీధా, మధ్యలో అంతా ఉల్టా.

మూడో వరుస: అంచు నాలుగు సీధా. తర్వాత ప్రతి 18 ఫందాలకు మూడు జోడీలు, ఆపైన ఒక జాలీ ఒక సీధా చొప్పున ఆరు సార్లు, మళ్లీ మూడు జోడీలు. చివర అంచు నాలుగు సీధా.

నాలుగో వరుస: అంతా సీధా.

మూడో వరుసలో ఒక అలకు జోడీలు ఆరు, జాలీలు ఆరు. ఆరు తగ్గాయి, ఆరు పెరిగాయి. కాబట్టి వరుస అయ్యాక లెక్క పెడితే మళ్లీ 98 రావాలి. రాకపోతే ముందుకు పోవద్దు, ఆ వరుసలోనే తప్పు వెతకాలి.

అంచు నాలుగు ఫందాలు ఎప్పుడూ సీధా ఎందుకంటే, సీధా-ఉల్టా బట్ట పక్కలకు చుట్టుకుపోతుంది. ఆ నాలుగు ఫందాలు దాన్ని చదునుగా పట్టి ఉంచుతాయి. కొత్త ఉండ కలపాల్సి వస్తే కూడా అంచులోనే కలపాలి. జాలీ మధ్యలో ముడి పడితే దాచలేరు.

తప్పు జరిగితే కాపాడే దారం

మామూలు స్వెటర్‌లో ఒక ఫందా జారితే క్రోషియా కొక్కెంతో పైకి ఎక్కించవచ్చు. జాలీలో అది కష్టం. రంధ్రం ఎక్కడ, జోడి ఎక్కడ అన్నది తెలియకుండా పోతుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. పది పన్నెండు వరుసలకు ఒకసారి, లెక్క సరిగ్గా ఉన్న వరుసలో, వేరే రంగు నున్నటి సన్న నూలు దారాన్ని కుట్టు సూదితో ఫందాలన్నింటిలోంచి దూర్చి వదిలేయాలి. తర్వాత తప్పు జరిగితే ఆ దారం దాకా ధైర్యంగా విప్పవచ్చు. అక్కడ ఫందాలు ఆగుతాయి. పని పూర్తయ్యాక దారం లాగేస్తే వచ్చేస్తుంది.

సూది దించాక నిరాశ పడొద్దు

సూది మీంచి దించిన జాలీ శాలువా ముడుచుకున్న చేపల వలలా కనిపిస్తుంది. అల కనబడదు, రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. చాలామంది ఇక్కడే పాడైపోయిందని పక్కన పడేస్తారు. అసలు రూపం నీళ్లలో తడిపాకే వస్తుంది.

గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టాలి. రుద్దకూడదు, పిండకూడదు. టవల్‌లో చుట్టి నొక్కితే నీళ్లు దిగిపోతాయి. తర్వాత పరుపు మీద శుభ్రమైన బట్ట పరిచి, శాలువాను కావలసిన కొలతకు లాగి, తుప్పు పట్టని గుండుసూదులతో అంచులు బిగించాలి. పూర్తిగా ఆరేదాకా తీయకూడదు. తడిసినప్పుడు ఊలు పోగులోని చిన్న బంధాలు విడిపోతాయి, ఆరేటప్పుడు కొత్త ఆకారంలో మళ్లీ కుదురుకుంటాయి. ఇస్త్రీ చేసిన జుట్టు తడిసేదాకా నిలిచినట్టే ఇదీ. అందుకే ఉతికిన ప్రతిసారీ మళ్లీ సూదులు గుచ్చాలి.

అక్రిలిక్‌కు ఈ పద్ధతి పనిచేయదు. దానికి ఆవిరి పట్టాలి. ఇస్త్రీపెట్టె బట్టకు తగలకుండా పైనే పట్టుకోవాలి. తగిలితే కరుగుతుంది.

ఇప్పుడు గంటల లెక్క

తడిపి ఆరబెట్టాక 10 సెంటీమీటర్లకు 18 ఫందాలు, 24 వరుసలు వచ్చాయనుకుందాం. 98 ఫందాలంటే సుమారు 54 సెంటీమీటర్ల వెడల్పు. 180 సెంటీమీటర్ల పొడవుకు 432 వరుసలు కావాలి. మొదట నాలుగు, చివర నాలుగు పోను, అలల వరుసలు 106 సార్లు.

98ని 432తో గుణిస్తే 42,336 ఫందాలు. చేయి తిరిగినవాళ్లు నిమిషానికి 20 ఫందాలు అల్లినా 35 గంటలు దాటుతుంది. లెక్క పెట్టడం, తప్పులు విప్పడం, తడపడం, సూదులు గుచ్చడం కలిపితే 40 గంటలు. చేతిలో ఉన్న శాలువా బరువు చూస్తే సుమారు 100 గ్రాములే.

ఎవరైనా వచ్చి ఒక శాలువాకు 1,500 ఇస్తామన్నారనుకోండి. దారానికి 600 పోతే మిగిలేది 900. దాన్ని 40తో భాగిస్తే గంటకు 22 రూపాయల 50 పైసలు. ఎనిమిది గంటల పనికి 180 రూపాయలు. గంటకు కనీసం 60 రావాలనుకుంటే అదే శాలువాకు 3,000 అడగాలి. బేరం మొదలుకాకముందే ఈ లెక్క చేతిలో ఉండాలి.

నర్సాపూర్ ఏం చెప్తోంది

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. ఆంధ్రప్రదేశ్ పశ్చిమ గోదావరి జిల్లాలో నర్సాపూర్ ఉంది. మన మెదక్ జిల్లా నర్సాపూర్ కాదు. అక్కడికి 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లండ్ మిషనరీ దంపతులు క్రోషియా లేసు పని తెచ్చారు. చుట్టుపక్కల ఊళ్లలో వేలమంది ఆడవాళ్లు నేర్చుకున్నారు. లేసు విదేశాలకు వెళ్లింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మేరియా మీస్ 1970ల చివర్లో అక్కడ అధ్యయనం చేసి 1982లో పుస్తకం అచ్చు వేశారు. ఇంటి పని పోను రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్లను ఎవరూ కార్మికులుగా చూడలేదు. గృహిణులు తీరిక వేళ చేసుకునే పనిగానే లెక్కగట్టారు. కూలి వ్యవసాయ కనీస వేతనం కన్నా చాలా తక్కువ. వ్యాపారం, ఎగుమతి మగవాళ్ల చేతుల్లో ఉండేవి.

2024లో నర్సాపూర్ క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ పేరుతో వేరేచోట చేసిన సరుకు అమ్మకుండా అది ఆపుతుంది. కానీ అల్లిన చేతికి గంటకు ఎంత ఇవ్వాలో ఆ ట్యాగ్ చెప్పదు.

మన దగ్గరి బీడీ పాఠం

నిజామాబాద్ జిల్లాకు ఇంటి పని కొత్త కాదు. తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే ఇళ్లు ఇక్కడ గల్లీ గల్లీలో ఉన్నాయి. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం, ఇంట్లో కూర్చుని చుట్టినా ఆమె కార్మికురాలే అని ఒప్పుకుంది. ఆ గుర్తింపు నుంచే కార్డు, పీఎఫ్ లాంటివి వచ్చాయి. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ఆసరా భృతి ఇచ్చినప్పుడు కూడా పీఎఫ్ నమోదే ఆధారమైంది. పేరు లేనివాళ్లు బయటే మిగిలారు.

సలాయి పనికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ జీతం ఆగిన ఇంట్లో ఆడవాళ్లు చేతిపనితో తెచ్చే నాలుగు రూపాయలు టైంపాస్ డబ్బులు కావు, బియ్యం, కిరాయి, పిల్లల ఫీజు. కాబట్టి రుజువు తామే తయారు చేసుకోవాలి.

దానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు చాలు. దారం ఎవరిచ్చారు, ఎన్ని గ్రాములు, ఏ తేదీన మొదలు, రోజుకు ఎన్ని గంటలు, ఎప్పుడు ఇచ్చారు, ఎంత వచ్చింది. ఇవి తెలుగులో రాసినా ఉర్దూలో రాసినా ఒకటే. సరుకు ఇచ్చేటప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి, ధర మెసేజ్‌లో రాయించుకోవాలి. ఒకే గల్లీలో నలుగురైదుగురు అల్లుతుంటే గంట ధర ఒకటే పెట్టుకోవాలి. ఒకరు తగ్గించి ఇస్తే రేపు అందరికీ అదే ధర అవుతుంది.

మొదటి శాలువా అమ్మకానికి అల్లవద్దు. ఇంట్లో అమ్మకో, ఆపాకో అల్లి ఇవ్వండి. ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. రెండో శాలువా ధర చెప్పడానికి ఆ కాగితమే ఆధారం.