సున్నా వస్తే సంతోషమే

రిసాలిలో మా వీధి తెలుగువాళ్ల అమ్మాయి ఒకతి లినక్స్ నేర్చుకుంటోంది. షెల్ స్క్రిప్టులు మొదలుపెట్టగానే వచ్చి అడిగింది: "బాబాయ్‌గారూ, పని సక్రమంగా అయితే సున్నా వస్తుందేమిటి? పరీక్షలో సున్నా అంటే తప్పినట్టే కదా!"

బ్యాంకు ఇళ్లలో వాళ్లకి ఇది వింత కాదు. సాయంత్రం క్యాష్ లెక్కలో తేడా సున్నా రావాలనే కదా మన తాపత్రయమంతా! పాసైన చెక్కుకి ఎవరూ కారణం రాయరు. తిరిగివెళ్లే చెక్కుకే మెమోలో కారణం ఉంటుంది. షెల్‌లోనూ అంతే. ప్రతి కమాండూ ముగిసేటప్పుడు 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య వదిలివెళ్తుంది. అదే ఎగ్జిట్ కోడ్. పని అయితే 0, కాకపోతే ఇంకేదైనా. ఆ పేరుతో కమాండే దొరక్కపోతే 127. దొరికినా నడిపే అనుమతి లేకపోతే 126. అన్నీ తప్పులే అనుకోకూడదు సుమా: ఫైల్లో మాట వెతికే గ్రెప్ 1 ఇస్తే ఆ మాట లేదని మాత్రమే అర్థం, అసలు ఇబ్బంది వస్తే 2 ఇస్తుంది.

ఆ అమ్మాయి తెచ్చిన స్క్రిప్టులో మూడే లైన్లు. ఇంటి ఫొటోలన్నీ బయటి డిస్కులోకి కాపీ చెయ్యి, కంప్యూటర్లోవి తీసెయ్యి, "పూర్తయింది" అని చూపించు. ఇంకా నడపలేదంది, మంచిదైంది. ఎందుకంటే ఒక లైను విఫలమైనా షెల్ మామూలుగా ఆగదు, తర్వాతి లైనుకి వెళ్లిపోతుంది. డిస్కు నిండి కాపీ సగంలో ఆగినా రెండో లైను ఫొటోలు తీసేస్తుంది. వాళ్ల అమ్మమ్మగారి ఫొటోలు ఇంకెక్కడా లేవు.

మందు చిన్నదే. కాపీకీ తీసివేతకీ మధ్య && పెడితే మొదటిది 0 ఇస్తేనే రెండోది నడుస్తుంది.

ఇక మూడో లైను. స్క్రిప్టు మొత్తానికి వచ్చే కోడ్ మామూలుగా దాని చివరి కమాండుదే. "పూర్తయింది" అని చూపించడం ఎలాగూ విజయవంతమే కాబట్టి, లోపల ఏం జరిగినా బయటికి 0 వస్తుంది! చివరి కమాండు కోడ్ $? లో ఉంటుంది. దాన్ని తర్వాతి కమాండు మార్చేస్తుంది కనుక వెంటనే ఒక పేరుతో దాచుకోవాలి. అది 0 కాకపోతే "కాపీ కాలేదు" అని చూపించి, ఎగ్జిట్ 1 అని రాసి ఆపేయాలి. ఆ రెండు లైన్లూ ఆ అమ్మాయే రాసింది.