కన్సోల్ కంపెనీల పోరు: ఉద్దానం వైపు నుంచి ఒక అంచనా

టీవీకి తగిలించి, చేతిలో మీటల పరికరం పట్టుకుని ఆడే ఆటల కోసమే ప్రత్యేకంగా తయారయ్యే కంప్యూటర్‌ను గేమ్ కన్సోల్ అంటారు. ఈ వ్యాపారం చాలాకాలంగా మూడు కంపెనీల మధ్యే నడుస్తోంది. ప్లేస్టేషన్‌ను తయారుచేసే సోనీ, మారియో ఆటలతో పేరు పొందిన నింటెండో జపాన్ సంస్థలు కాగా, ఎక్స్‌బాక్స్‌ను తయారుచేసే మైక్రోసాఫ్ట్ అమెరికా సంస్థ. వీటిలో ఎవరి వ్యూహం సరైనదన్న చర్చ ఎప్పుడు మొదలైనా అమెరికా, జపాన్, ఐరోపా ఇళ్లలో ఎన్ని యంత్రాలు అమ్ముడయ్యాయన్న లెక్కతోనే సాగుతుంది. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, జీడితోటల ఉద్దానం తీరం ఆ లెక్కలో ఎక్కడా కనిపించవు. అయినప్పటికీ ఈ పోరులోని రెండు ముఖ్య ఘట్టాలకు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. 2009లో సోనీ యంత్రం కోసం హైదరాబాద్‌లో ఆటలు తయారుకావడం ఒకటి, 2014 నుంచి మైక్రోసాఫ్ట్‌ను హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల నడిపించడం రెండవది. ఆ రెండు కంపెనీల వ్యూహాల బలాబలాలు ఉద్దానం వంటి చోటు నుంచి చూసినప్పుడే స్పష్టంగా తెలుస్తాయి, ఎందుకంటే కొనగలిగినవారి ఊళ్లలో ఏ వ్యూహమైనా ఎంతో కొంత నెగ్గుతుంది.

ముందుగా ఈ వ్యాపారం నడిచే తీరు తెలుసుకోవాలి. కొత్త కన్సోల్‌ను విడుదల చేసే సంస్థ తరచుగా దాన్ని తయారీ ఖర్చుకో, అంతకంటే తక్కువకో అమ్ముతుంది. 2006లో ప్లేస్టేషన్ 3ను సోనీ పెద్ద నష్టంతోనే మార్కెట్లోకి తెచ్చింది. ఆ నష్టాన్ని ఆటల మీద పూడ్చుకుంటారు. వేరే సంస్థ తయారుచేసిన ఆటైనా సరే, కన్సోల్‌లోని దుకాణం ద్వారా అమ్ముడైతే ధరలో సుమారు 30 శాతం కన్సోల్ యజమానికి చేరుతుంది. జీడితోట రైతుకు పూత దశలోనే పెట్టుబడి సొమ్ము ఇచ్చి, పిక్కలు తనకే అమ్మాలని షరతు పెట్టే వ్యాపారి లెక్క, ఈ కంపెనీల లెక్క ఒకటే: ముందు ఇచ్చింది దయ కాదు, తర్వాత రావలసినదానికి వేసిన ముడి. ఈ ముడిని గట్టిగా బిగించడానికి ఒక యంత్రంలో తప్ప మరో యంత్రంలో దొరకని ఆటలను సిద్ధం చేస్తారు. వీటినే ప్రత్యేక ఆటలు అంటారు. సోనీ బలమంతా ఇలాంటి ఆటల్లోనే ఉంది.

ఈ పద్ధతి నడవాలంటే కొనేవాడు ముందు యంత్రం కొనగలగాలి. భారతదేశంలో ప్లేస్టేషన్ 3 2007లో 39,990 రూపాయలకు వచ్చింది. ప్లేస్టేషన్ 5 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది, దాని పెద్ద ఆటల ధర ఒక్కొక్కటి 4,999 రూపాయలుగా ఉండేది. 80 కిలోల జీడిపిక్కల బస్తాకు 16 వేల రూపాయల గిట్టుబాటు ధర కావాలని ఉద్దానం రైతులు ఆందోళనలు చేశారు. అడిగిన ఆ ధర పూర్తిగా దక్కిందనుకున్నా యంత్రానికి మూడు బస్తాలు చాలవు, ఆపైన కొనే ప్రతి ఆటకూ మరో పాతిక కిలోల పిక్కలు అమ్మాలి. పంట వచ్చేది ఏడాదికొకసారి. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచే కార్మికుల ఇంటి సంగతి ఈ లెక్కలో చెప్పనక్కరలేదు. తయారీ ఖర్చు కంటే తక్కువకు అమ్ముతున్నామని కంపెనీ చెప్పుకునే మాట ఎంత నిజమైనా, ఆ తక్కువ ధర కూడా ఇక్కడి ఆదాయాలను చూసి నిర్ణయించినది కాదు.

అయినా ఆటలు చిన్న ఊళ్లకు రాకపోలేదు. నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ అనే యంత్రానికి అనుమతి లేని నకళ్లు 1990లలో తెలుగు పట్టణాల దుకాణాల్లో తక్కువ ధరకు దొరికేవి. క్యాసెట్ అని అందరూ పిలిచే ప్లాస్టిక్ డబ్బాలో మారియో, కాంట్రా వంటి పదుల కొద్దీ ఆటలు ఉండేవి, ఆ క్యాసెట్లు ఇళ్ల మధ్య చేతులు మారేవి. దీని నుంచి నింటెండోకు ఒక్క రూపాయి రాలేదు. కానీ ఒక తరం తెలుగు పిల్లలకు వీడియో గేమ్ అంటే ఏమిటో నేర్పింది ఆ సంస్థ యంత్రం కోసం తయారైన ఆటలే. వ్యూహం లేకుండానే మార్కెట్ సిద్ధమై ఉండగా, దాన్ని అందుకునేందుకు అసలు యజమాని గట్టిగా ముందుకు రాకపోవడం ఆశ్చర్యకరం. నింటెండో తన స్విచ్ యంత్రాన్ని కూడా భారతదేశంలో అధికారికంగా అమ్మలేదు.

ఆ ఖాళీని గమనించిన సంస్థ సోనీ. 2000 మార్చిలో జపాన్‌లో విడుదలైన ప్లేస్టేషన్ 2 ప్రపంచమంతటా 15 కోట్లకు పైగా అమ్ముడై చరిత్రలో ఏ ఇతర గృహ కన్సోల్‌కూ దక్కని స్థానం పొందింది. ధనిక దేశాల్లో ప్లేస్టేషన్ 3 వచ్చిన తర్వాత కూడా సోనీ ఈ పాత యంత్రాన్ని ఆపలేదు. దాని తయారీ ఖర్చు ఏనాడో తగ్గిపోయింది కనుక, ధర తగ్గించి భారత్ వంటి దేశాల్లో అమ్మకం కొనసాగించింది. అంతేకాక స్థానిక ఆటలు కావాలని గుర్తించింది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదలైంది. పూర్తిగా భారతదేశంలోనే రూపొందిన తొలి ప్లేస్టేషన్ ఆటగా దానికి గుర్తింపు వచ్చింది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ ‘దేశీ అడ్డా’ను తయారుచేసింది. కబడ్డీ, బిళ్లంగోడు వంటి మన వీధి ఆటలు అందులో తెర మీదికి వచ్చాయి.

వ్యూహంగా చూస్తే ఇందులో తప్పు పట్టవలసినది చాలా తక్కువ. పాతదే అయినా గట్టి యంత్రం, అందుబాటు ధర, ఇక్కడివారికి తెలిసిన కథ, ఇక్కడి ఇంజనీర్ల పని అన్నీ ఒకచోట కలిశాయి. లోపం ఆచరణలో ఉంది. హనుమంతుడిని మీటలతో ఆడించడం దేవుణ్ణి చిన్నబుచ్చడమేనని అమెరికాలోని కొందరు హిందూ ప్రతినిధులు అభ్యంతరం చెప్పగా, విమర్శకులు ఆట నాణ్యతనే తప్పుపట్టారు. రెండవ విమర్శే బరువైనది. ఏ భాషలోనైనా, ఏ దేశంలోనైనా తొలి ఆటలు తడబడతాయి. నాలుగైదు ఆటల తర్వాతే ఒక బృందం చేయి తిరుగుతుంది. అందుకు కావలసిన ఓపిక, డబ్బు కంపెనీ నుంచి తగినంత రాలేదు. గేమ్‌శాస్త్ర తయారుచేసిన ‘డాన్ 2’ 2013లో వచ్చేసరికి ప్లేస్టేషన్ 2 తయారీనే ఆగిపోయింది. పాత సరుకు ఖాళీ చేసుకోవడానికి చివరి అంగడిగా కాక, కొత్త ఆటగాళ్లను సంపాదించే మొదటి మెట్టుగా భారత్‌ను చూసి ఉంటే ఆ ప్రయత్నం అంత త్వరగా అణగారిపోయేది కాదు. కన్సోల్ కంపెనీ ఒకటి తెలుగు గడప దాకా వచ్చి వెనుదిరిగిన సందర్భం ఇదే కావడం బాధ కలిగిస్తుంది.

మైక్రోసాఫ్ట్ దారి వేరు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించినప్పుడు ఆ సంస్థ ఆట డిస్కును ఇతరులకు ఇవ్వడంపైన, తిరిగి అమ్మడంపైన ఆంక్షలు పెట్టి, యంత్రం రోజుకొకసారైనా ఇంటర్నెట్‌కు అనుసంధానం కావాలన్నది. డిస్కును స్నేహితుడి చేతికి ఇస్తే చాలునని సోనీ చిన్న వీడియోతో జవాబు చెప్పింది, యంత్రాన్ని కూడా వంద డాలర్లు తక్కువకు అమ్మింది. మైక్రోసాఫ్ట్ ఆంక్షలను వెనక్కి తీసుకున్నా ఆ దశలో పోయిన స్థానం తిరిగి రాలేదు. జనం ఆటలను డిస్కుల్లో కాక కంపెనీ ఖాతాల్లో పోగుచేసుకోవడం మొదలుపెట్టిన కాలమది కనుక, ఒకసారి సోనీ వైపు వెళ్లినవారికి మళ్లీ మారడం కష్టమైంది.

2014 ఫిబ్రవరిలో నాదెళ్ల బాధ్యత చేపట్టినప్పుడు ఎక్స్‌బాక్స్‌ను అమ్మేయాలని సూచించినవారు ఉన్నారు. ఆయన అమ్మలేదు సరికదా, అదే ఏడాది మైన్‌క్రాఫ్ట్ ఆటను తయారుచేసిన మొజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొన్నారు. 2017లో నెలకింత చెల్లిస్తే వందలాది ఆటలు ఆడుకోనిచ్చే గేమ్ పాస్ మొదలైంది. 2023 అక్టోబరులో ఆటల తయారీ సంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్ కొనుగోలు 6,870 కోట్ల డాలర్లతో పూర్తయింది. దాన్ని అడ్డుకోవాలని అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం వేసిన వ్యాజ్యంలో, కన్సోల్ పోరులో తాము ఓడిపోయామని మైక్రోసాఫ్ట్ స్వయంగా ఒప్పుకుంది. ప్రత్యేక ఆటలతో పోటీపడే పద్ధతి మార్కెట్లో పైచేయి సాధించిన సోనీ పెట్టినదనీ, ఆ లోకం మీద తనకు ప్రేమ లేదనీ నాదెళ్ల 2023 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయస్థానంలో సాక్ష్యం ఇచ్చారు. తర్వాతి ఏడాది నుంచి ఎక్స్‌బాక్స్ ఆటలు సోనీ యంత్రాల మీద కూడా రావడం మొదలైంది. పెట్టె ఏదైనా సరే, ఆట తమదైతే చాలునన్నది ఈ వ్యూహ సారాంశం.

దీనిని సమర్థించేవారి వాదన బలమైనదే. వినియోగదారుడిని యంత్రానికి కట్టేయడం మాని ఆటను అన్ని తెరలకూ పంపితే, యంత్రం కొనలేనివారికి కూడా తలుపు తెరుచుకుంటుంది. క్లౌడ్ గేమింగ్ అంటే ఆట దూరంగా ఉన్న కంపెనీ కంప్యూటర్‌లో నడుస్తూ, దాని దృశ్యం మాత్రమే ఇంటర్నెట్ ద్వారా ఫోన్ మీదికో టీవీ మీదికో రావడం. ఎక్స్‌బాక్స్ ఈ సేవను 2025 చివర భారత్‌లో కూడా ప్రారంభించింది. దిశ సరైనదే. కానీ అదే ఏడాది అక్టోబరులో గేమ్ పాస్ పై తరగతి చందాను అమెరికాలో నెలకు 20 డాలర్ల నుంచి 30 డాలర్లకు పెంచడం, 2024లో 1,900 మంది ఉద్యోగులను తొలగించి, మంచి ఆటలు చేసిన స్టూడియోలను మూసేయడం ఆ వాదనకే ఎసరు పెట్టాయి. చౌకగా అందరికీ అని మొదలైన సేవ, అలవాటు పడ్డాక ఖరీదైతే వినియోగదారుడి చేతిలో చివరికి మిగిలేది ఏమీ ఉండదు, ఎందుకంటే అతడు కొన్నది ఆట కాదు, నెల గడువు.

ఉద్దానంలో ఈ తేడా మరింత పదునుగా తగులుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలడమే కాక, అనేక గ్రామాలు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. సెల్ టవర్లు మూగబోయాయి. తీవ్ర తుపాను ఏటా రాకపోయినా గాలివానలు ఏటా వస్తాయి. క్షణమైనా తెగని ఇంటర్నెట్ మీద ఆధారపడే సేవ ఇలాంటి తీరంలో నమ్మదగిన వినోదం కాలేదు. నింటెండో ఇంజనీరు గున్‌పెయ్ యొకొయ్ పాతబడి చౌకైన సాంకేతికతను కొత్తగా వాడాలన్న సూత్రంతో 1989లో గేమ్ బాయ్ అనే చేతి యంత్రాన్ని తీసుకొచ్చారు. దానికి రంగుల తెర లేదు, కానీ నాలుగు చిన్న బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది. రంగుల తెరతో పోటీకి వచ్చిన సెగా గేమ్ గేర్ ఆరు బ్యాటరీలను కొద్ది గంటల్లోనే ఖాళీ చేసేది. గెలిచింది గేమ్ బాయ్. ఈ తీరానికి తగిన ఆలోచన అదే; ఆ ఆలోచన చేసిన సంస్థ మాత్రం ఇటు గట్టిగా దృష్టి పెట్టలేదు.

మూడు కంపెనీలూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగా చోటును ఆక్రమించింది ఫోన్. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా ధరలు పడిపోయాక, పలాసలోనైనా టెక్కలిలోనైనా కుర్రవాడికి ఆట అంటే ఫోన్ ఆటే. దానికి ప్రవేశ రుసుము లేదు, కానీ లోపల ప్రతి మలుపులోనూ డబ్బు అడిగే ఏర్పాటు ఉంటుంది. పందెం ఆటల సంగతి మరీ దారుణం. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే నిషేధించవలసి వచ్చింది, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై చట్టం చేసింది. ఒకసారి ధర చెల్లించి, సొంతం చేసుకుని, మొదలూ ముగింపూ ఉన్న కథను ఆడుకోవడంలో ఉన్న నిజాయితీ ఈ ఉచిత ఆటల్లో చాలావాటికి లేదు. అందుకే కన్సోల్ కంపెనీలు ఇక్కడ విఫలం కావడం వాటి నష్టం మాత్రమే కాదు, ఇక్కడి పిల్లల నష్టం కూడా.

సోనీ 2023లో ఇండియా హీరో ప్రాజెక్ట్ పేరుతో భారతీయ స్టూడియోలను ఎంపిక చేసి సాయం చేయడం మొదలుపెట్టింది. అంతకు పద్నాలుగేళ్ల ముందు హైదరాబాద్‌లో మొదలుపెట్టి, తర్వాత వదిలేసిన పనికి ఇది కొనసాగింపని చెప్పవచ్చు. అయితే అప్పటి ఆటలు అందుబాటు ధరలో ఉన్న పాత యంత్రం కోసం తయారయ్యాయి, ఇప్పటివి ప్రధానంగా ప్లేస్టేషన్ 5 కోసం తయారవుతున్నాయి. స్థానిక ఆటలూ, చౌక యంత్రమూ విడివిడిగా కాక మళ్లీ జతగా రావాలి. ప్లేస్టేషన్ 4 వంటి పాత తరం యంత్రాన్ని ధర తగ్గించి, ఇంటర్నెట్ లేకున్నా నడిచే తెలుగు ఆటలతో కలిపి అమ్మడం సాంకేతికంగా కష్టమైన పనేమీ కాదు.