వరఖ్ దుకాణంలో సైన్స్ పాఠం: పరమాణువు అంటే ఏంటి?

హైదరాబాద్: షాదీ దావత్‌లో ఖీర్ మీద, మిఠాయి మీద, పాన్ మీద తళతళ మెరిసే వెండి వరఖ్ పాతబస్తీ పిల్లలకు కొత్తేం కాదు. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ఈ వరఖ్‌ను సుత్తితో కొట్టి చేసేవాళ్లు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. చిన్న వెండి ముక్కను పుస్తకం లాంటి పొరల మధ్య పెట్టి గంటల తరబడి కొడతారు. చివరికి ఊదితే ఎగిరిపోయేంత పలుచని రేకు వస్తుంది.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్లో చాలామందికి ‘పరమాణువు’ అనగానే భయం. కంటికి కనిపించదు కాబట్టి బట్టీ పట్టేస్తారు. కానీ ఈ పాఠం మొత్తాన్నీ వరఖ్‌తోనే అర్థం చేసుకోవచ్చు.

ఎంతవరకు పలుచగా చేయొచ్చు?

వరఖ్ మందం మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు కన్నా తక్కువ. అందులో సగం, అంటే రెండు వేలో వంతు అనుకుందాం. అంత పలుచని రేకులో కూడా వెండి పరమాణువులు ఒకదాని మీద ఒకటి సుమారు రెండు వేల వరుసలు ఉంటాయి.

ఇంకా పలుచగా చేస్తూ పోతే చివరికి ఒకే ఒక్క పరమాణువు మిగులుతుంది. అది కూడా వెండే. దాన్ని కూడా విడగొడితే మాత్రం అది వెండి కాదు. ఒక మూలకం తన గుణం పోగొట్టుకోకుండా ఉండే అతి చిన్న భాగమే పరమాణువు అన్నమాట.

లోపల ఏముంటాయి?

పరమాణువులో మూడు రకాల కణాలు ఉంటాయి. ప్రోటాన్‌కు ధనావేశం, ఎలక్ట్రాన్‌కు రుణావేశం, న్యూట్రాన్‌కు ఏ ఆవేశమూ ఉండదు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు మధ్యలో ఉండే కేంద్రకంలో ఉంటాయి. ఎలక్ట్రాన్లు దాని చుట్టూ ఉంటాయి. ఎలక్ట్రాన్ చాలా తేలిక, దాని ద్రవ్యరాశి ప్రోటాన్‌లో సుమారు 1836వ వంతు మాత్రమే.

వెండి పరమాణువులో 47 ప్రోటాన్లు, 47 ఎలక్ట్రాన్లు ఉంటాయి. రెండు ఆవేశాలూ సమానం కాబట్టే మొత్తం మీద దానికి ఆవేశం ఉండదు. న్యూట్రాన్లు కొన్ని వెండి పరమాణువుల్లో 60, మరికొన్నింటిలో 62 ఉంటాయి. ఇలాంటి వాటినే ఐసోటోపులు అంటారు. రెండూ వెండే.

రేకు చెప్పిన రహస్యం

కేంద్రకం ఉందని ప్రపంచానికి తెలిసింది కూడా వరఖ్ లాంటి రేకుతోనే. 1909లో ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్న గైగర్, మార్స్‌డెన్ పలుచని బంగారు రేకు మీదకు ధనావేశం ఉన్న ఆల్ఫా కణాలను పంపారు. దాదాపు అన్నీ నేరుగా అవతలికి వెళ్లిపోయాయి. వేలల్లో ఒకటి మాత్రం గోడకు తగిలిన బంతిలా వెనక్కి వచ్చింది.

దీని అర్థం ఏంటో రూథర్‌ఫర్డ్ 1911లో వివరించాడు. పరమాణువులో ఎక్కువ భాగం ఖాళీ. బరువంతా మధ్యలో ఒక చిన్న చోట ఉంది. ఎలక్ట్రాన్‌ను థామ్సన్ 1897లోనే కనిపెట్టగా, న్యూట్రాన్‌ను చాడ్విక్ 1932లో కనిపెట్టాడు.

ఎంత ఖాళీ అంటే, వెండి కేంద్రకాన్ని చిన్న నిమ్మకాయంత చేసి చార్మినార్ కింద పెట్టామనుకోండి. ఎలక్ట్రాన్లు నాలుగు వైపులా అర కిలోమీటరు దాకా ఉంటాయి. మక్కా మసీదు, గుల్జార్ హౌజ్ అన్నీ ఆ పరమాణువు లోపలే! అయినా బరువులో 99.9 శాతానికి పైగా ఆ నిమ్మకాయలోనే.

కొడితే వెండి ఎందుకు పగలదు?

ఉప్పు రాయిని సుత్తితో కొడితే పొడి అవుతుంది. వెండి మాత్రం సాగుతుంది. ఈ తేడాకు కారణం ఎలక్ట్రాన్లు. వెండిలో అవి కక్ష్యల వారీగా 2, 8, 18, 18, 1 ఉంటాయి. చివరి ఎలక్ట్రాన్‌పై కేంద్రకం పట్టు తక్కువ. అది ఒక్క పరమాణువుకే అతుక్కుని ఉండదు, లోహం మొత్తంలో తిరుగుతుంది. అందువల్ల సుత్తి దెబ్బకు పరమాణువుల వరుసలు జారినా విడిపోవు. వెండిలో కరెంటు బాగా పారేది కూడా ఈ ఎలక్ట్రాన్ల వల్లే.

రాగి బంగారం అవుతుందా?

మూలకానికి గుర్తింపు ప్రోటాన్ల సంఖ్యే. దాన్నే పరమాణు సంఖ్య అంటారు. ఆక్సిజన్‌కు 8, అల్యూమినియంకు 13, ఇనుముకు 26, రాగికి 29, వెండికి 47, బంగారానికి 79.

సుత్తి దెబ్బ, పొయ్యి మంట, యాసిడ్ ఇవేవీ కేంద్రకం దాకా వెళ్లవు, బయటి ఎలక్ట్రాన్ల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి వెండి అని చెప్పి అల్యూమినియం రేకు అమ్మితే, ఎంత మెరిసినా అది 13 ప్రోటాన్ల అల్యూమినియమే. రాగిని బంగారం చేసి ఇస్తానని ఇంటికొచ్చి నగలు అడిగే వాళ్ల మాట ఎందుకు నమ్మకూడదో కూడా ఈ పాఠమే చెబుతుంది.

మూడు భాషల్లో ఒకటే పాఠం

పాతబస్తీ పిల్లలకు ఇంకో ఇబ్బంది మాటలతో. ఉర్దూ మీడియంలో చదివి తర్వాత ఇంగ్లీషు మీడియానికి మారితే, తెలిసిన విషయం కూడా కొత్తగా కనిపిస్తుంది. నిజానికి పేర్లే మారతాయి.

- ఆటమ్: తెలుగులో పరమాణువు, ఉర్దూలో జౌహర్
- న్యూక్లియస్: కేంద్రకం, మర్కజా
- ఎలిమెంట్: మూలకం, ఉన్సుర్
- మాలిక్యూల్: అణువు, సాలిమా
- అటామిక్ నంబర్: పరమాణు సంఖ్య, జౌహరీ అదద్

తెలుగులో ఒక చిక్కు గుర్తుంచుకోవాలి. ‘అణుబాంబు’, ‘అణు విద్యుత్’ అని పేపర్లలో రాస్తారు కానీ, పాఠ్యపుస్తకంలో అణువు అంటే మాలిక్యూల్. పరీక్షలో ఈ రెండూ కలిపేస్తే మార్కులు పోతాయి.

సైన్స్‌కు సొంత భాషలో మాటలు వెతకడం ఈ నగరానికి కొత్త కాదు. 1918లో స్థాపించిన ఉస్మానియా యూనివర్సిటీలో మొదట బోధన ఉర్దూలోనే సాగింది. దానికి కావాల్సిన పుస్తకాలు, పదాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా ఏర్పాటైంది.

ఇంట్లో ఇలా అడగండి

సైన్స్ చదవని అమ్మీ, అబ్బా కూడా పిల్లలను ఈ మూడు ప్రశ్నలు అడగొచ్చు. వెండి ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే ఏమవుతుంది? రెండు న్యూట్రాన్లు ఎక్కువుంటే? ఒక ప్రోటాన్ ఎక్కువుంటే?

జవాబులు: మొదటిది ధనావేశం వచ్చిన వెండి అయాన్. రెండోది వెండికే ఐసోటోపు. మూడోది ఇక వెండే కాదు, 48 ప్రోటాన్ల కాడ్మియం. ఈ మూడింటికీ పిల్లలు కారణంతో సహా చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే, బట్టీ అక్కర్లేదు.