పుండును గూర్చిన ప్రశ్నలు

మానని పుండు ఎంత వెడల్పో కొలబద్ద చెప్పును. దానితో బ్రదుకుట ఎంత కష్టమో రోగియే చెప్పవలెను. అందులకై వైద్యులు ప్రశ్నపత్రములను కూర్చిరి. 2014లో జర్మనీ దేశమున వెలువడిన ‘వూండ్-క్వోల్’ అట్టిది. గడచిన 7 దినములను గూర్చి 17 ప్రశ్నలు. ప్రతి జవాబునకు 0 మొదలు 4 వరకు అంకె. ఏ చికిత్స మేలో నిర్ణయించునపుడు ఇట్టి జవాబులను గూడ లెక్కింతురు.

అవి నమ్మదగినవో కావో తెలియు టెట్లు? పుండు మారకయున్నపుడు కొన్నిదినములకు మరల నడిగినచో జవాబులు ఇంచుమించు మునుపటివే కావలెను. ఒకే బాధను గూర్చిన జవాబులు తమలో తాము పొసగవలెను. ఈ పొందికను కొలుచుటకు 1951లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్రోన్‌బాక్ వివరించిన ‘ఆల్ఫా’ను వాడుదురు.

అయినను స్థిరత్వమే సత్యము కాదు. తప్పుడు త్రాసు ఎన్నిమారులు తూచినను ఒకే తప్పు చూపును. పై పత్రమున, పుండువలన మెట్లెక్కుట కష్టమాయెనా యను ప్రశ్న కలదు. ఖమ్మము, భద్రాచలముల అడవియంచున, మెట్లే లేని కోయగూడెపు పూరింటి వృద్ధురాలు రెండుమారులును ‘లేదు’ అనవచ్చును. లెక్క చక్కగా కుదురును. విప్పపూవు ఏరబోలేక ఆమె యింట కూలబడిన సంగతి మాత్రము కాగితమున కెక్కదు.

కావున ప్రశ్నలను తెలుగులోనికిగాని కోయభాషలోనికిగాని మార్చిన పిమ్మట, ఆ యూరివారినే కూర్చుండబెట్టి, వారికేమి బోధపడినదో విని, పత్రమును మరల పరీక్షింపవలెను. చిరకాలము పిల్లలకు పరీక్షలు పెట్టిన నాకు తెలిసిన దొక్కటే: జవాబు పొసగనిచోట ముందు ప్రశ్నను దిద్దవలెను.