పొట్టితనం వంశంలో వస్తుందా?

బడిలో ప్రేయర్‌కి ఎప్పుడూ ముందు వరసలో నిలబడేవాణ్ని చూసి "వాళ్ల తాత పోలిక" అనేస్తాం. చాలాసార్లు అది నిజమే, జబ్బు కాదు. కానీ ఒకే ఇంట్లో కనబడేదంతా వంశంలో వచ్చేది కాదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒకప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కాళ్లు వంకరపోయాయంటే తప్పు వంశానిది కాదు, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ది. అందరూ తాగింది ఆ నీళ్లే కదా!

వారసత్వంగా వచ్చే జబ్బు వేరు. మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. గ్రోత్ హార్మోన్‌ను వదిలేది అదే. "వదులు" అనే సంకేతాన్ని అది అందుకోవాలంటే ఒక జన్యువు సరిగా ఉండాలి. ఆ జన్యువు పాడైన కుటుంబాన్ని 1996లో బొంబాయి మూలాలున్నవారిలో గుర్తించారు. 1998లో పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ అదే లోపం దొరికింది. అక్కడ ఆ లోపం ఉన్నవాళ్లు పెద్దవాళ్లయినా ఎత్తు నాలుగడుగుల చుట్టుపక్కలే. రెండుచోట్లా పెళ్లిళ్లు దగ్గరి బంధువుల్లోనే.

మన మేనరికాల్లోనూ చిక్కు ఇదే. అమ్మానాన్నలకు ఆ జన్యువు రెండు ప్రతుల్లో చెరొకటి పాడైనా వాళ్లు మామూలుగానే ఎదుగుతారు. బిడ్డకు రెండూ పాడైనవే వస్తేనే కష్టం. ప్రతి కాన్పులోనూ అందుకు నాలుగింట ఒక వంతు అవకాశం. "పెద్దవాడికి వచ్చింది, చిన్నవాడికి రాదులే" అన్నది వట్టి మాట.



బడి వయసులో ఏడాదికి నాలుగు సెంటీమీటర్లయినా పెరగకపోతే డాక్టరుకు చూపించండి. ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ ఇంజక్షనూ ఎత్తు పెంచలేదు.