ఒంటిరెబ్బ ఎల్లిగడ్డ

కోస్తావారి వెల్లుల్లినే రాయలసీమలో తెల్లగడ్డ యనియు, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతమున ఎల్లిగడ్డ యనియు అందురు. పేర్లు మూడైనను వస్తువొక్కటే. కాని ఒకే రెబ్బగల గుండ్రని గడ్డ అంగడిలో కనబడినప్పుడు అది వేరొక జాతియని మనము తలంతుము. ఎక్కువ వెల యిచ్చుటకును వెనుదీయము. మేమును అట్లే కొని, నాలుగు గడ్డలను శీతకాలారంభమున కుండీలో నాటితిమి. నాలుగు నెలలకు త్రవ్వి చూడగా వచ్చినవి పలురెబ్బల మామూలు గడ్డలే! అంగడివాడు మోసగించెనని కొంత కోపగించుకొంటిమి. అతని దోషమేమియు లేదు.

వెల్లుల్లికి సాధారణముగా విత్తనము పట్టదు, రెబ్బనే నాటవలెను. కనుక పిల్లమొక్క స్వభావమున తల్లిమొక్కయే. రూపము మాత్రము ఋతువును బట్టి మారును. గడ్డ రెబ్బలుగా చీలుటకు మొక్కకు తగినంత చలియు, ఆకుబలమును కావలెను. మరీ సన్నని రెబ్బను నాటినను, ఆలస్యముగా నాటుటచే చలి చాలకపోయినను, గడ్డ చీలక ఒంటిగా నిలిచిపోవును. చైనాలోని యునాన్ ప్రాంతమున వీటినే వ్యాపారమునకై పండింతురు.

నిజముగా వేరైన రకములు లేకపోలేదు. నడుమ గట్టి పూకాడ వెడలి, దాని కొనను చిన్న చిన్న పిలకగడ్డలు కట్టునది యొకటి. ఆ పిలకలను నాటినచో తొలి యేట తరచుగా ఒంటిగడ్డలే వచ్చును. పిడికెడు లావున పెరుగు ఏనుగు వెల్లుల్లి వాసన మందము. అది లీక్ అను ఉల్లిజాతికి దగ్గరి చుట్టము. తమిళదేశపు కొడైకెనాల్ కొండ వెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇట్టివి తెచ్చి నాటువారికి ఒక హెచ్చరిక. ఇబ్రహీంపట్నం ఉత్తర అక్షాంశము 17 డిగ్రీల చేరువ నున్నది. అచట మిక్కిలి పొడవైన పగలును సుమారు 13 గంటలే. దీర్ఘమైన పగటికి అలవడిన శీతదేశపు రకములు ఇక్కడ ఆకు వేయును గాని గడ్డ కట్టుట అరుదు. మైదానపు రకములే మనకు నమ్మకము.

అక్టోబరు, నవంబరు నెలలు నాటుటకు అనుకూలము. అచటి ఎఱ్ఱ చెల్క మట్టి తడియారగానే బిగిసిపోవును గనుక, బాగుగా మాగిన పశువుల ఎరువును కొంత ఇసుకను కలిపి, జానెడు లోతు కుండీలో నింపవలెను. మొన పైకుండునట్లు, నాలుగంగుళముల ఎడమున రెబ్బలను నాటవలెను. నీరు నిలువరాదు. ఒక ప్రక్క లావు రెబ్బలను, మరొక ప్రక్క సన్నని వాటిని నాటి, పేరును తేదీని వ్రాసిన చీటీలు గ్రుచ్చినచో తేడా మీకే తెలియును. ఆకులు పసుపువారగనే నీరు మాని, కొన్ని దినముల తరువాత త్రవ్వి నీడన ఆరబెట్టవలెను.

ఒంటిగడ్డలే కావలెనన్నచో, సన్నని రెబ్బలను డిసెంబరు చివర నాటి చూడవచ్చును. గడ్డ చిన్నదగును, వంటింట ఒలుచుట మాత్రము సులువు.