జనసమ్మర్ద ప్రదర్శనలు - చక్రాల కుర్చీలోని ప్రేక్షకుడు: తిరునాళ్ల నుంచి థీమ్ పార్కు వరకు

వ్యాససంగ్రహం:
తిరునాళ్లు, నాటక ప్రదర్శనలు, సినిమాహాళ్లు, థీమ్ పార్కుల వంటి జనసమ్మర్ద స్థలాల్లో వైకల్యం గల ప్రేక్షకుని స్థానమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రవేశం దొరకడం, ప్రదర్శన కనబడడం వేర్వేరు సమస్యలన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: వైకల్యం, ప్రేక్షకుడు, చూపురేఖ, తిరునాళ్లు, సుగమ్యత, భట్టిప్రోలు.

1. ఉపోద్ఘాతం:
తెనాలి-రేపల్లె రైలు మార్గంలోని భట్టిప్రోలు బౌద్ధస్తూపానికి, 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వకాల్లో లభించిన ధాతుకరండాలకు, వాటి మీది బ్రాహ్మీ శాసనాలకు ప్రసిద్ధి. లిపి చరిత్రకారులు ఈ ఊరిని తరచుగా తలచుకుంటారు. ప్రేక్షకుల చరిత్రకు కూడా అది ఒక మంచి ఆరంభ బిందువే. స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేసే భక్తునికి ముందు వరుస, వెనుక వరుస అనే భేదం లేదు. ఏ వైపు నుంచి చూసినా స్తూపం స్తూపమే. ఒకే దిశకు ముఖం పెట్టిన వేదిక వచ్చిన తరువాతనే ఎవరు ముందు, ఎవరి వెనుక ఎవరు అన్న తగాదా పుట్టింది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఇప్పుడు భట్టిప్రోలు భాగం. ఈ ప్రాంతపు ప్రేక్షకుడు తెనాలిలో పద్యనాటకం చూస్తాడు, శివరాత్రికి కోటప్పకొండ ప్రభల వద్దకు వెళ్తాడు, సెలవులకు పిల్లలతో హైదరాబాదు వెళ్లి రామోజీ ఫిల్మ్ సిటీలోనో, వండర్‌లాలోనో ఒక రోజు గడుపుతాడు. ఈ మూడింటినీ కలిపేది జనసమ్మర్దం. ఆ సమ్మర్దంలో చక్రాల కుర్చీ మీద ఉన్న మనిషి పరిస్థితి ఇక్కడ పరిశీలనాంశం.

2. ప్రదర్శనారీతి - వైకల్యం:
ఏ ప్రదర్శన ఎవరిని దూరం పెడుతుందన్నది ఆ ప్రదర్శన స్వభావాన్ని బట్టి ఉంటుంది. హరికథ ప్రధానంగా చెవికి చెందినది. చూపులేని శ్రోతకు అందులో లోటు స్వల్పం. పద్యనాటకంలోనూ రాగాలాపనకు ‘వన్స్‌మోర్’ కొట్టేవారు కళ్లు మూసుకుని విన్న సందర్భాలు తక్కువేమీ కావు. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం సంగతి వేరు. గాలిలో ఎగిరే పాత్రలు, క్షణంలో మారే తెరలు అక్కడి ఆకర్షణ. చూపులేనివారికి పక్కనుంచి ఎవరో చెప్పవలసిందే. అదే నాటకంలో వినికిడి లేనివారు అద్భుతాన్ని చూస్తారు, పద్యాన్ని కోల్పోతారు. కనుక వైకల్యం దేహంలో మాత్రమే ఉందనడం సగం సత్యం. మిగిలిన సగం వేదికలో ఉంది.

టూరింగు టాకీసులలో నేల, బెంచి, కుర్చీ అనే తరగతులుండేవి. మెట్లు ఎక్కనక్కరలేకుండా చేరగలిగిన చోటు చాలావరకు నేల తరగతే. నడవలేని ప్రేక్షకునికి అందుబాటులో ఉన్న స్థానం, అందరికంటె తక్కువ ధర పలికే స్థానం ఒకటే కావడం యాదృచ్ఛికం కావచ్చు. అయితే మల్టీప్లెక్సులు వచ్చాక కూడా చక్రాల కుర్చీకి చోటు చూపితే అది తరచుగా తెరకు ఆనుకుని ఉన్న ముందు వరుసలోనే. మెడ పైకెత్తి మూడు గంటలు చూడడం ఎలా ఉంటుందో ఆ వరుసలో కూర్చున్నవారికే తెలుస్తుంది.

3. చూపురేఖ:
చక్రాల కుర్చీలో కూర్చున్న పెద్దవారి కంటిమట్టం నేల నుంచి సుమారు 1.1 నుంచి 1.2 మీటర్లు. ముందున్నవారంతా కూర్చుని ఉన్నంతవరకు చిక్కులేదు. ప్రభల ముందు గాని, పార్కులలో ఊరేగింపు, బాణసంచా వంటివి జరిగే చోట గాని జనం నిలబడతారు. ఒకరు లేస్తే వెనుకవారు లేస్తారు. కుర్చీలోని వ్యక్తి లేవలేడు. వేదిక ఎత్తు కొంత పెంచినా ముందు నిలబడినవారి వీపు ఎత్తు తగ్గదు.

అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద 2010లో వెలువడిన నిర్మాణ ప్రమాణాలు ఈ విషయాన్ని స్పష్టంగా గుర్తించాయి. ప్రేక్షకులు నిలబడతారని ఊహించదగిన చోట, నిలబడినవారి మీదుగా చూడగలిగేలా చక్రాల కుర్చీ స్థానం ఉండాలని, తోడువచ్చినవారికి పక్కనే సీటు ఉండాలని అవి నిర్దేశిస్తాయి. ఈ రెండవ నియమం చిన్నదిగా కనిపిస్తుంది. కుటుంబమంతా కలిసి వచ్చిన ప్రదర్శనలో ఒకరిని విడిగా ఒక మూల కూర్చోబెట్టడం చూసినవారికి దాని విలువ బోధపడుతుంది.

4. వరుస, సమ్మర్దం:
వరుసలో నిలబడడం మరొక చిక్కు. తిరుమలలో వృద్ధులకు, వికలాంగులకు ప్రత్యేక దర్శన ఏర్పాటు ఉంది. పార్కులలో ఇటువంటి సదుపాయమే వివాదాస్పదమైంది. ప్రత్యేక ప్రవేశపు కార్డు దుర్వినియోగమవుతోందన్న వార్తల నేపథ్యంలో డిస్నీ పార్కులు 2013 అక్టోబరులో పాత కార్డును తొలగించి, వరుసలో పట్టేంత సమయం తరువాత తిరిగి రమ్మనే పద్ధతిని తెచ్చాయి. 2024లో దాని అర్హతను ఇంకా కుదించాయి. దుర్వినియోగం చేసినవారు వేరు, దాని పర్యవసానం అనుభవించినవారు వేరు.

సమ్మర్దం ప్రాణాంతకం కూడా. 2015 జూలై 14న రాజమహేంద్రవరంలో గోదావరి పుష్కరాల తొలిరోజు తొక్కిసలాట, 2025 జనవరిలో తిరుపతిలో టోకెన్ల వద్ద జరిగిన తొక్కిసలాట తెలుగువారి స్మృతిలో ఉన్నవే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే జనసమూహ నియంత్రణపై మార్గదర్శిని ప్రచురించింది. పరుగెత్తలేని, వెనక్కి తిరగడానికి చోటు లేని వ్యక్తికి ప్రమాదం అందరికంటె ముందుగా వస్తుంది. అందుకనే చాలామంది అసలు బయలుదేరరు. ఇంటి అరుగు మీద కూర్చుని మైకులో వినిపించినంత వింటారు. రాని మనిషి ఏ నిర్వాహకుని లెక్కలోకీ ఎక్కడు.

5. చట్టం, పదజాలం:
1995 నాటి చట్టం స్థానంలో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2016 వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న ఈ చట్టంలోని 29వ సెక్షను సాంస్కృతిక జీవితంలో, వినోదంలో సమాన భాగస్వామ్యానికి సంబంధించినది. ఇక్కడొక సందేహం కలుగుతుంది. రెండు రోజులుండి విప్పేసే షామియానా ‘భవనం’ అవుతుందా? చట్టం భవనాన్నే కాక ‘ప్రజాసదుపాయాలు, సేవలు’ అనే మాటను కూడా నిర్వచించి, మతసంబంధ, సాంస్కృతిక, వినోద సేవలను అందులో చేర్చింది. కాబట్టి పందిరిని భవనం కాదని పక్కన పెట్టినా, ప్రదర్శన చట్టం పరిధిలోనే ఉంటుందని అన్వయించడం సమంజసం.

2024 నవంబరు 8న రజీవ్ రతూరి కేసులో సుప్రీం కోర్టు మరొక ముఖ్యమైన భేదాన్ని వివరించింది. సుగమ్యత అంటే ఎవరూ అడగకముందే అందరికోసం ఉండవలసిన ఏర్పాటు. సముచిత సర్దుబాటు అంటే ఒక వ్యక్తి ప్రత్యేక అవసరానికి తగినట్లు చేసే మార్పు. రెండవది మొదటిదానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ కేసులో కోర్టు పరిగణనలోకి తీసుకున్న నివేదిక హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానిది. తిరునాళ్లలో నలుగురు యువకులు కుర్చీని ఎత్తి ముందుకు చేర్చడం మంచితనమే. దానిని సుగమ్యత అనలేం. ఆ నలుగురూ ఇంటికి వెళ్లిపోతే చూసేవాడు అక్కడే ఉండిపోతాడు.

‘వికలాంగులు’ అన్న మాట స్థానంలో ‘దివ్యాంగులు’ వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ శాఖ పేరులో ‘విభిన్న ప్రతిభావంతులు’ నిలిచింది. పదాల మర్యాద పెరిగింది. ఇవన్నీ వ్యక్తిని వర్ణించే మాటలే. మెట్టును, ఇసుకను, ఇరుకు దారిని వర్ణించే వాడుక మాట తెలుగులో ఇంకా స్థిరపడలేదు. ‘సుగమ్యత’ అధికార పత్రాలు దాటి రావలసి ఉంది.

6. గ్రామీణ ప్రాంగణం:
2021 నాటి కేంద్ర మార్గదర్శకాలు చక్రాల కుర్చీకి 900 మి.మీ. వెడల్పు, 1200 మి.మీ. పొడవు స్థలాన్ని, వాలుదారికి 1:12 నిష్పత్తిని నిర్దేశించాయి. డెల్టా గ్రామాల వీధులలో చక్రాల కుర్చీ కంటె చేతితో తొక్కే మూడు చక్రాల బండి ఎక్కువ పరిచితం. అది ఆ కొలతలో పట్టదు. దానిని ప్రవేశద్వారం వద్ద వదిలితే మనిషి నేల మీద పాకవలసి వస్తుంది. కొలతలు తీసుకున్నవారు నగరంలోని గచ్చు నేలను తలచారే గాని, కోసిన వరిచేనులో వేసిన పందిరిని తలచలేదనిపిస్తుంది.

నిలబడిన జనం మీదుగా చూడాలంటే కంటిమట్టం రెండు అడుగులు పెరగాలి. రెండు అడుగుల అరుగుకు 24 అడుగుల వాలుదారి అవసరం. షామియానా వేసేవారి వద్ద చెక్క బల్లలు, గొట్టాలు ఎలాగూ ఉంటాయి. విద్యుద్దీపాల ప్రభకు, వంటశాలకు, ముఖ్య అతిథుల సోఫాలకు గుంజలు పాతకముందే స్థలం కేటాయిస్తారు. ఆ 24 అడుగులను కూడా అప్పుడే ముగ్గుతో గీసి ఉంచాలి. గుంజలు పాతాక అంత పొడవు దొరకదు.